కట్టింది ఎంత, ముట్టింది ఎంత?

పోయిన నెల ఈ శీర్షికలో పన్నుల మీద, ప్రభుత్వ పథకాల మీద ప్రశ్నలు పంపమని అడిగాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా కోపంతో రాసినవే. జీతగాళ్లకు పథకాల మీద కోపం, కౌలు రైతులకు పట్టాదారుల మీద కోపం, వ్యాపారులకు ఢిల్లీ మీద కోపం. ఎవరి కోపమూ ఉత్తది కాదు, కానీ అందరూ ఒక వైపు లెక్క మాత్రమే రాసి పంపారు. కట్టింది రాసిన వాళ్లు ముట్టింది రాయలేదు, ముట్టింది రాసిన వాళ్లు కట్టింది రాయలేదు. అన్నిటికీ జవాబు రాసే చోటు లేదు కాబట్టి ఆరు ప్రశ్నలు తీసుకున్నాను.

ప్రశ్న: సార్, మాది కాజీపేట. హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తాను, నెలకు లక్షా ఇరవై వేలు. చేతికి రాకముందే టీడీఎస్ పోతుంది. మా గల్లీలో ఒక్క రూపాయి పన్ను కట్టని వాళ్లకు బియ్యం ఫ్రీ, కరెంటు ఫ్రీ, ఆడవాళ్లకు బస్సు ఫ్రీ. కట్టేది మేము, తినేది వాళ్లు. ఇది న్యాయమేనా?
(ఒక పాఠకుడు, కాజీపేట)

జవాబు: తమ్ముడూ, ముందు నీ లెక్కే వేద్దాం. నెలకు లక్షా ఇరవై వేలంటే ఏడాదికి 14 లక్షల 40 వేలు. ఆదాయపు పన్ను కొత్త విధానంలో, జీతగాళ్లకు లెక్కలోంచి ముందే తీసేసే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే 13 లక్షల 65 వేలు. 2025-26 స్లాబుల ప్రకారం మొదటి 4 లక్షలకు ఏమీ లేదు, తర్వాతి 4 లక్షలకు 5 శాతం, ఆ పై 4 లక్షలకు 10 శాతం, మిగిలిన లక్షా 65 వేలకు 15 శాతం. కలిపితే 84,750, పన్ను మీద అదనంగా వేసే సెస్సు 4 శాతం, మొత్తం 88,140 రూపాయలు. నెలకు 7,300 పైనే. చిన్న మొత్తం కాదు. పే స్లిప్పులో ఆ అంకె చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటే తప్పు పట్టను.

కానీ "ఒక్క రూపాయి కట్టని వాళ్లు" అన్నావు చూడు, ఆ మాట దగ్గర ఆగాలి. నీ ఫోన్‌కు 299 రూపాయల రీఛార్జి చేయిస్తావు. అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, విడదీస్తే 45 రూపాయల 60 పైసలు. మీ గల్లీలో బీడీలు చుట్టే అమ్మ కూడా అదే 299 వేయించుకుంటుంది, ఆమె కట్టేదీ అదే 45 రూపాయల 60 పైసలు. నీకు పే స్లిప్పు ఉంది కాబట్టి పోయింది కనపడుతుంది. ఆమెది ధరలో కలిసిపోయి ఉంటుంది కాబట్టి కట్టినట్టు ఆమెకూ తెలియదు, నీకూ తెలియదు. లీటరు పెట్రోలు మీద మన తెలంగాణ వ్యాటే 35.20 శాతం, డీజిల్ మీద 27 శాతం, కేంద్రం ఎక్సైజ్ సుంకం దానికి అదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి సబ్బులు, టూత్‌పేస్టు, తలనూనెల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది, అది మంచి మార్పే, పేదింటి సామాన్ల చిట్టీలో ఎక్కువ భాగం ఇలాంటివే.

హన్మకొండలో నేను ఎప్పుడూ బియ్యం కొనే దుకాణంలో ఒక పక్క 10 కిలోల ప్యాకెట్లు, ఒక పక్క 26 కిలోల బస్తాలు పెట్టి ఉంటాయి. 25 కాకుండా ఈ 26 ఏమిటని నేనూ మొదట అనుకున్నాను. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పెట్టారు, 25 దాటితే లేదు, విడిగా తూచి ఇచ్చినా లేదు. అందుకని మిల్లుల వాళ్లు ఒక్క కిలో పెంచి బస్తా కుట్టారు. ఇప్పుడు ఆలోచించు, ఒకేసారి 26 కిలోలకు పైసలు తీయగలిగే ఇంటికి పన్ను లేదు, కూలి ముట్టిన రోజున 10 కిలోల ప్యాకెట్ కొనుక్కునే ఇంటికి పన్ను ఉంది.

పన్ను న్యాయంగా ఉందా లేదా చూడాలంటే ఎన్ని రూపాయలు పోయాయని కాదు, వచ్చిన ఆదాయంలో ఎన్నో వంతు పోయిందని చూడాలి. ఆదాయం పెరిగే కొద్దీ ఆ వంతు పెరిగితే పురోగామి పన్ను అంటారు, నీ ఆదాయపు పన్ను ఆ రకం. ఆదాయం తగ్గే కొద్దీ వంతు పెరిగితే తిరోగామి పన్ను. వచ్చిన జీతమంతా నెల తిరిగేలోపు ఖర్చయిపోయే ఇంట్లో ప్రతి రూపాయీ ఏదో ఒక దుకాణం మీదుగానే పోతుంది, మిగుల్చుకునే ఇంట్లో కొంత బ్యాంకులో ఆగుతుంది. అందుకే కొనుగోళ్ల మీద వేసే పన్ను ఎక్కడైనా పేదవాడి మీద ఎక్కువ వాలుతుంది. బియ్యం, పప్పు విడిగా అమ్మితే పన్ను లేకుండా ఉంచింది ఆ వాలును కొంత సరిచేయడానికే.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం, ఎకనామిక్స్. మా పుస్తకంలో జినీ గుణకం అని ఉంది, సూత్రం బట్టీ పట్టాను కానీ అర్థం కాలేదు. ప్రభుత్వం పన్నులు తీసుకొని పథకాలు ఇస్తే అసమానత నిజంగా ఎంత తగ్గిందో దీంతో చెప్పవచ్చా?
(ఒక విద్యార్థిని, హన్మకొండ)

జవాబు: చెప్పవచ్చమ్మా, కొంతవరకు. ఆ "కొంతవరకు" దగ్గరే అసలు కథ ఉంది కాబట్టి ఓపిగ్గా చదువు, పక్కన కాగితం పెట్టుకో.

1905లో మాక్స్ లోరెంజ్ అనే అమెరికన్ ఒక గీత గీశాడు. ఊళ్లో ఇళ్లన్నిటినీ తక్కువ ఆదాయం నుంచి ఎక్కువ ఆదాయం వరకు వరసగా నిలబెట్టి, కింది పది శాతం ఇళ్ల చేతిలో మొత్తం ఆదాయంలో ఎంత ఉంది, కింది ఇరవై శాతం చేతిలో ఎంత ఉంది అని కలుపుకుంటూ పోతే వచ్చే గీత అది. అందరికీ సమానంగా ఉంటే ఈ మూల నుంచి ఆ మూలకు వంకర లేకుండా పోతుంది, లేకపోతే కిందికి కుంగుతుంది. ఆ కుంగు ఎంతో ఒక్క అంకెలో చెప్పింది ఇటలీకి చెందిన కొరాడో జినీ, 1912లో. అందరికీ సమానమైతే సున్నా, ఉన్నదంతా ఒక్కడి దగ్గరే ఉంటే 1కి చేరుతుంది.

ఇప్పుడు ఐదు ఇళ్లు తీసుకుందాం. ఈ అంకెలు నేను ఊహించి వేసినవి, కానీ మన చుట్టుపక్కల కనపడే బతుకుల్లోంచే తీశాను. మొదటి ఇల్లు ముసలమ్మ, బీడీలు చుట్టే కూతురు, మనవరాలు, నెలకు 8,000. రెండోది నాలుగెకరాలు కౌలుకు చేసే రైతు, కౌలు పోగా నెలకు సగటున 12,000. మూడోది ఆ నాలుగెకరాల పట్టాదారు, వరంగల్‌లో ప్రైవేటు ఉద్యోగం, కౌలుతో కలిపి 24,000. నాలుగోది చిన్న దుకాణం, 36,000. ఐదోది పైన రాసిన కాజీపేట తమ్ముడి లాంటి జీతం, 1,20,000. మొత్తం రెండు లక్షలు. లెక్క వేస్తే జినీ 0.496 వస్తుంది.

ఇక తీసుకునేది, ఇచ్చేది వేద్దాం. మొదటి ఇంటికి 2,016 పింఛను, ఒక్కొక్కరికి ఆరు కిలోల చొప్పున సన్న బియ్యం, ఉచిత కరెంటు కలిపి సుమారు 2,900 వస్తుంది, కొనుగోళ్ల మీద పన్నుల రూపంలో 600 పోతుంది, 10,300 మిగులుతుంది. పట్టాదారుకు పంట పెట్టుబడి కోసం రాష్ట్రం ఇచ్చే రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000 చొప్పున నాలుగెకరాలకు 48,000, అంటే నెలకు 4,000, పీఎం కిసాన్ ఏడాదికి 6,000, అంటే నెలకు 500. పన్నులు 2,500 పోయినా 26,000కు చేరుతాడు. దుకాణం ఇంటికి వచ్చేదేమీ లేదు, 3,000 పోయి 33,000. ఐదో ఇల్లు ఆదాయపు పన్ను 7,300, కొనుగోళ్ల మీద 6,700 కట్టి 1,06,000. రెండో ఇంటికి, మన కౌలు రైతుకు, బియ్యం, కరెంటు కలిపి 1,200 అనుకుందాం. కానీ ట్రాక్టరు కిరాయిలో డీజిల్ మీద పన్ను, పురుగు మందు మీద 18 శాతం జీఎస్టీ, ఇంటి సామాన్లు కలిపి 1,700 పోతుంది. పండించిన ధాన్యం మీద జీఎస్టీ లేదు కాబట్టి దుకాణదారు లాగా మందుల మీద కట్టిన పన్నును వెనక్కి రాబట్టుకునే దారి కూడా అతనికి లేదు. చివరికి 11,500 మిగులుతుంది.

ఇప్పుడు జినీ మళ్లీ వేస్తే 0.456. ముందు 0.496, తర్వాత 0.456, తేడా 0.040. ఈ తేడానే పునఃపంపిణీకి కొలతగా వాడతారు, 1977లో రేనాల్డ్స్, స్మోలెన్‌స్కీ అనే ఇద్దరు చేసిన పని వల్ల దానికి వాళ్ల పేరే నిలిచింది. అదే సంవత్సరం నానక్ కక్వానీ ఇంకో కొలత ఇచ్చారు, ఒక పన్ను భారం ఆదాయం కంటే ఎక్కువగా పైవాళ్ల మీద పడుతోందా, కిందివాళ్ల మీద పడుతోందా అని చెప్పేది. రెండూ ఒకటే అనుకోవద్దు, పరీక్షలో చాలామంది కలిపేస్తారు. ఊరంతటిలో ఒక్క పెద్ద ధనవంతుడి మీద వంద రూపాయల పన్ను వేస్తే కక్వానీ కొలతలో అది అద్భుతమైన పురోగామి పన్ను, కానీ ఆ వందతో ఎవరి బతుకూ మారదు, జినీ కదలదు. అటు డెన్మార్క్ చూడు, అక్కడ వ్యాట్ 25 శాతం, విడిగా చూస్తే పేదల మీద వాలే పన్నే, కానీ వచ్చిన డబ్బు పెద్దది, అది బడిగా, ఆస్పత్రిగా, భృతిగా ఇళ్లకు తిరిగి చేరుతుంది కాబట్టి మొత్తం మీద అసమానత బాగా తగ్గుతుంది. పన్నును పన్నుగా విడిగా, పథకాన్ని పథకంగా విడిగా చూసి తీర్పు చెప్పకూడదని నేను పోరేది ఇందుకే.

ఇప్పుడు నీ కాగితం మీద రెండో ఇంటి దగ్గర వేలు పెట్టు. జినీ తగ్గింది, అసమానత తగ్గిందని మంత్రిగారు నిజాయితీగానే ప్రకటించవచ్చు. కానీ 12,000 ఉన్న ఇల్లు 11,500కు పడిపోయింది. ఐదు ఇళ్లలో రెండో పేద ఇల్లు ప్రభుత్వం చెయ్యి పడ్డాక ఇంకా పేదదైంది, ఆ సంగతి 0.456 అనే అంకెలో ఎక్కడా కనపడదు. పైగా వంతులు తీసి చూడు, తన ఆదాయంలో 14 శాతం పైన పన్నుగా కడుతున్నది కౌలు రైతు, టీడీఎస్‌తో కలిపినా కాజీపేట తమ్ముడిది 12 శాతం లోపే. షాన్ హిగ్గిన్స్, నోరా లస్టిగ్ అనే ఆర్థికవేత్తలు 2016లో ఈ విషయం మీదే రాశారు, బ్రెజిల్ లాంటి దేశాల్లో అసమానత, పేదరికం రెండూ తగ్గినట్టు అంకెలు చెబుతున్నప్పుడే కొందరు పేదలు కట్టింది ఎక్కువై, ముట్టింది తక్కువై మునిగిపోతున్నారని. కాబట్టి జినీ వేశాక ఆగిపోకుండా ఏ ఇల్లు ఎటు కదిలిందో ఇల్లిల్లూ చూడాలి.

ఇంకొక్క మాట. మన దేశంలో వినపడే జినీ ఎక్కువగా ఆదాయానిది కాదు, ఖర్చుది. 2023-24 కుటుంబ వినియోగ సర్వేలో పల్లెల్లో 0.237, పట్టణాల్లో 0.284 అని వచ్చింది, అంతకు ముందటి ఏడాది 0.266, 0.314. ఉన్నవాళ్లు సంపాదించినదంతా ఖర్చు పెట్టరు కాబట్టి ఖర్చుల జినీ ఎప్పుడూ చిన్నగానే కనపడుతుంది. దాన్ని పక్క దేశం ఆదాయపు జినీతో పోల్చి సంబరపడకు, పరీక్షలో ఎవరైనా అడిగితే ఈ ఒక్క ముక్క రాయి.

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర పల్లె. మా నాయిన ఇరవై ఏండ్ల నుంచి కౌలు చేస్తున్నడు, మిర్చి, పత్తి. భూమి యజమాని హైదరాబాద్‌ల ఉంటడు, రైతు భరోసా ఆయన ఖాతాల పడుతది. పంట పోతే నష్టం మాది. అడిగితే కౌలు ఇంకా పెంచుతా అంటడు. మా లాంటి వాళ్లకు ఏదైనా ఉందా?
(ఒక కౌలు రైతు కూతురు, నర్సంపేట మండలం)

జవాబు: చెల్లె, పైన రాసిన రెండో ఇల్లు మీదే. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి బస్తాల మీద కూర్చొని ఒక కౌలు రైతు తన చిన్న నోటు పుస్తకం నాకు చూపించాడు. ఎడమ వైపు మందులు, కూలీలు, కౌలు, వడ్డీ, పేజీ కింది దాకా నిండి ఉన్నాయి. కుడి వైపు రెండే వరసలు, మార్కెట్‌లో ముట్టింది ఒకటి, అప్పు తీసుకున్నది ఇంకొకటి. ఆ కుడి వైపు ప్రభుత్వం పేరు లేదు. ఆ పేజీ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

న్యాయాన్ని కొలిచేటప్పుడు రెండు ప్రశ్నలు వేస్తారు. ఒకే స్థితిలో ఉన్న ఇద్దరిని ఒకేలా చూస్తున్నారా అన్నది ఒకటి. ఎక్కువ ఉన్నవాడిని, తక్కువ ఉన్నవాడిని ఆ తేడాకు తగ్గట్టు చూస్తున్నారా అన్నది రెండోది. రైతు బంధు 2018 మే 10న హుజూరాబాద్‌లో మొదలైనప్పుడు ఎకరానికి సీజన్‌కు 4,000, తర్వాత 5,000 అయింది, ఇప్పుడు రైతు భరోసాగా 6,000. పంటకు ముందు పెట్టుబడి నేరుగా ఖాతాలో పడటం చిన్న విషయం కాదు, వడ్డీ వ్యాపారి గడప ఎక్కకుండా ఎన్నో చిన్న కమతాలను అది కాపాడింది, దాన్ని తీసిపారేసే మాట నేను అనను. కానీ పై రెండు ప్రశ్నలు వేస్తే రెంటి దగ్గరా తడబడుతుంది. పక్కపక్క చెలకల్లో ఒకే పత్తి వేసిన ఇద్దరిలో పట్టా ఉన్నవాడికి వస్తుంది, కౌలు వాడికి రాదు. రెండెకరాలవాడికి ఏడాదికి 24,000 అయితే ఇరవై ఎకరాలవాడికి 2,40,000, ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ. భూమి లేని కూలీకి భూమి పేరుతో ఇచ్చేది సున్నా. కౌలు పెంచుతానని మీ యజమాని అనడం కూడా నువ్వు అర్థం చేసుకోవలసిన విషయమే, డబ్బు చట్టప్రకారం కౌలు రైతు చేతికే వచ్చినా, అతనికి వేరే భూమి దొరికే దారి లేకపోతే, కౌలు పెరిగి అందులో కొంత మళ్లీ యజమానికే చేరుతుంది. కాగితం మీద ఎవరికి ఇచ్చామన్నది ఒకటి, చివరికి ఎవరి దగ్గర ఆగిందన్నది ఇంకొకటి.

నీకు పనికొచ్చేది చెబుతాను. 2023 ఎన్నికల ముందు కౌలు రైతులకూ సాయం చేస్తామని కాంగ్రెస్ హామీ ఇచ్చింది, 2025 జనవరి 26న మొదలైన రైతు భరోసా మాత్రం పట్టా లెక్క మీదే నడిచింది. అదే రోజు ఇందిరమ్మ ఆత్మీయ భరోసా మొదలైంది, గుంట భూమి కూడా లేకుండా, 2023-24లో ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పని చేసిన కుటుంబానికి ఏడాదికి 12,000. మీకు సొంత భూమి లేకపోయి, అమ్మో నాయినో ఆ రోజులు పని చేసి ఉంటే జాబ్ కార్డు తీసుకొని ఎంపీడీఓ ఆఫీసులో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో వచ్చిన కౌలుదారుల చట్టం ఒకటుంది, కౌలు రైతుకు ఏడాదికి ఒక గుర్తింపు కార్డు ఇచ్చి బ్యాంకు అప్పుకు, పంట నష్ట పరిహారానికి అర్హత ఇవ్వాలని దాని ఉద్దేశం. ఆ కార్డులు మళ్లీ ఇవ్వాలని మీ ఊరి కౌలు రైతులంతా కలిసి రాతపూర్వకంగా అడగండి, ఒక్కరే అడిగితే యజమాని భూమి తీసేసుకుంటాడన్న భయం ఉంటుంది, నాకు తెలుసు.

ప్రశ్న: వందల ఎకరాల తోటలున్న వాళ్లు, ఫామ్ హౌస్‌ల వాళ్లు వ్యవసాయ ఆదాయం అని చూపించి రూపాయి పన్ను కట్టరు. రిటైరైన టీచర్‌గా నా పెన్షన్ మీద పన్ను పడుతుంది. దీన్ని ఎవరూ ఎందుకు ముట్టుకోరు?
(ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, కరీంనగర్)

జవాబు: మాస్టారూ, ముట్టుకున్నారు, చెయ్యి కాల్చుకున్నారు. 1860లో ఆదాయపు పన్ను మొదలైనప్పుడు వ్యవసాయ ఆదాయం కూడా అందులో ఉండేది, 1886 చట్టంతో బయటికి పోయింది. రాజ్యాంగం ఆ అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది, ఓట్ల భయంతో చాలా రాష్ట్రాలు దాని జోలికి పోవు. 1972లో కె.ఎన్. రాజ్ కమిటీ, భూమి రకాన్ని, దిగుబడిని బట్టి పెద్ద కమతాల మీద పన్ను వేయాలని చెప్పింది, అది అటకెక్కింది. దాని సిఫారసుల్లో మిగిలింది ఒక్కటే, మామూలు పన్ను లెక్కలో రేటు తేల్చడానికి వ్యవసాయ ఆదాయాన్ని కలిపి చూడటం. మీ కోపం సరైన చోటే ఉంది, ఒకే ఆదాయం ఉన్న ఇద్దరిలో ఒకరు కట్టి ఒకరు కట్టకపోవడం న్యాయం కాదు. కానీ దీన్ని "రైతులు పన్ను కట్టరు" అని మాత్రం రాయకండి. మన దగ్గర ఎక్కువమంది రైతులు రెండు మూడెకరాల వాళ్లు, మినహాయింపు మొత్తం ఎత్తేసినా, ఏడాదికి పన్ను పడని 12 లక్షల గీత దగ్గరికి కూడా రారు, వాళ్ల మీద పన్ను పడదు. పడేది మీరు చెప్పిన తోటల వాళ్ల మీదే, రెండెకరాల రైతును ముందు నిలబెట్టి ఆ చాటున ఉన్నది వాళ్లే.

ప్రశ్న: తెలంగాణ నుంచి ఢిల్లీకి పోయే పన్ను ఎక్కువ, తిరిగి వచ్చేది తక్కువ. మనకు అన్యాయం జరుగుతున్నట్టేనా?
(ఒక వ్యాపారి, వరంగల్)

జవాబు: అన్నా, ఇది కాజీపేట తమ్ముడి ప్రశ్నే, ఇంటి బదులు రాష్ట్రం ఉంది, అంతే తేడా. కేంద్రం పంచే పన్నుల్లో రాష్ట్రాలన్నిటికీ కలిపి 41 శాతం, అందులో తెలంగాణ వాటా, ఈ పంపకం తేల్చే 14వ ఆర్థిక సంఘం కాలంలో 2.437 శాతం, 15వ సంఘం దాన్ని 2.102కు తగ్గించింది. తలసరి ఆదాయంలో వెనకబడిన రాష్ట్రానికి ఎక్కువ ఇవ్వాలన్న లెక్కకే ఆ 15వ సంఘం 45 శాతం బరువు పెట్టింది. బీహార్ బడికి మన పన్ను కొంత పోవడం నాకు అన్యాయంగా కనిపించదు, ఆదిలాబాద్ గూడేనికి హైదరాబాద్ పన్ను పోవడం ఎలా న్యాయమో అదీ అంతే. నాకు అభ్యంతరం సెస్సుల మీద, సర్‌చార్జీల మీద. వాటిని కేంద్రం రాష్ట్రాలతో పంచుకోనక్కర లేదు, అందుకే పన్ను పెంచాల్సిన చోట సెస్సు పెంచితే ఆ 41 శాతం మాటకు విలువ తగ్గిపోతుంది. అడగాల్సింది అక్కడ.

ప్రశ్న: మేడిపల్లి దగ్గర పల్లె మాది. చిన్న ప్రైవేటు బడిలో ఆయాగా చేస్తాను, నెలకు 12,300. అత్తమ్మ, ఇద్దరు పిల్లలు, నా జీతం ఒక్కటే ఆధారం. ఈ జూన్ నుంచి 12,800 చేస్తామన్నారు. లక్షన్నర దాటితే రేషన్ కార్డు తీసేస్తారని పక్కింటి వాళ్లు అంటున్నారు, అప్పటి నుంచి ఒకటే టెన్షన్. పెంచొద్దని చెప్పాలా?
(ఒక పాఠకురాలు, జగిత్యాల జిల్లా)

జవాబు: అమ్మా, వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను నిద్ర పోనివ్వనిది నీదే. జీతం పెంచొద్దని ఒక మనిషి అడగాల్సి రావడం కంటే పెద్ద కొలత నాకు అక్కరలేదు.

నీ లెక్క నిజమే. పల్లెల్లో ఆహార భద్రత కార్డుకు ఏడాదికి లక్షన్నర హద్దు. 12,300 చొప్పున నీది 1,47,600, లోపల ఉన్నావు. 12,800 అయితే 1,53,600, బయటపడతావు. పెరిగేది ఏడాదికి 6,000. పోయేది నలుగురికి నెలకు 24 కిలోల బియ్యం, కిలో 40 వేసుకున్నా ఏడాదికి 11,520, దానికి తోడు ఆ కార్డు మీద వచ్చే ఉచిత కరెంటు, 500 రూపాయల గ్యాసు, ఆరోగ్యశ్రీ. అంటే 500 పెంచితే నువ్వు నెలకు 500 పైనే నష్టపోతావు.

ఇదే సంగతి ఆదాయపు పన్నులో ఎలా ఉందో చూడు. ఏడాది ఆదాయం 12 లక్షలు దాటకపోతే స్లాబుల ప్రకారం పడే పన్నంతా మాఫీ. ఒకరికి 12 లక్షల 10 వేలు వచ్చిందనుకో, స్లాబుల ప్రకారం అరవై వేల పైన కట్టాలి, పది వేలు ఎక్కువ సంపాదించినందుకు అరవై వేలు పోతే ఎట్లా అని చట్టమే ఆలోచించింది, గీత దాటిన పది వేలకు మించి పన్ను తీసుకోకుండా ఊరట పెట్టింది. లక్ష రూపాయల జీతం మనిషికి చట్టంలో ఆ ఊరట ఉంది. పన్నెండు వేల జీతం మనిషికి లేదు, గీతకు ఇటు ఉంటే అన్నీ, అటు అడుగు పెడితే ఏమీ లేవు. పరిష్కారం కష్టమైనదేమీ కాదు, గీత దాటిన ఇంటికి ఒక రెండేళ్లు సగం బియ్యం ఇచ్చి మెల్లగా తగ్గించవచ్చు. ఈ మాట పౌరసరఫరాల శాఖకు నేను విడిగా ఉత్తరంగా రాస్తున్నాను, నీ పేరు, ఊరు లేకుండా.

నీ సంగతికి వస్తే, ఆదాయం తక్కువ చూపించమని నేను చెప్పను, పెంపు వద్దనమనీ చెప్పను, ఎందుకంటే ఈసారి వద్దంటే వచ్చే ఏడు పెంపు కూడా 12,300 మీదే లెక్క కడతారు. బియ్యం ఒక్కటే పూడ్చుకోవాలన్నా నీకు 13,300 దాకా కావాలి, మిగతావి కూడా కలుపుకుంటే 14,000. పై లెక్క ఒక కాగితం మీద రాసుకొని మీ హెడ్ మాస్టర్ దగ్గరికి వెళ్లు, 12,800 చేస్తే నేను నష్టపోతానని, 14,000 చేయమని అడుగు. అంత కుదరదంటే ఆ 500 జీతంలో కలపకుండా పిల్లల ఫీజు తగ్గిస్తారేమో అడుగు, ఇద్దరూ అదే బడిలో చదువుతుంటే. వాళ్లు ఏమన్నారో నాకు తప్పకుండా రాయి.